సున్నాకి ఇరవై ఆరు సంతకాలు

మా మామయ్యను ఊళ్ళో అందరూ మామయ్య అనే పిలుస్తారు. నిజానికి ఆయనకు మేనల్లుణ్ణి నేనొక్కణ్ణే. మిగతావాళ్ళు ఆ పిలుపును పరదేశీ పిల్లల నోట విని పట్టుకున్నారు. ఏటా ఎండలు ముదిరే వేళకు ఓ పాతికమంది పిల్లలు సముద్రాలు దాటి మా ఊళ్ళో దిగుతారు. ఆరు వారాలుండి ఈ దేశపు ప్రకృతి, చరిత్ర, సంస్కృతి చదువుకుని పోతారు. రెండు వారాలు నది, రెండు వారాలు పాత కోట, రెండు వారాలు మనుషులు. మనుషుల వంతు ఎప్పుడూ ఆఖరే.

మామయ్య ఈ మూడింటిలోనూ ఉంటాడు. మొదటి రెండు వారాలు పిల్లల్ని పడవలో తిప్పుతాడు. తర్వాత కోటగోడ ఎక్కేవాళ్ళ వెనకాల నీళ్ళ డబ్బాలు మోస్తాడు. చివరి రెండు వారాలు ఇంటి ముందు బల్ల మీద కూర్చుంటాడు. పిల్లలు ఎదురుగా చాప వేసుకుని, పడవ నడిపేవాడి జీవితం అని రాసుకుంటారు. ఎన్నో ఏట గడ పట్టావు, మీ నాన్న ఏం చేసేవాడు, నది అంటే నీకేమనిపిస్తుంది. పదకొండేళ్ళుగా ఇవే ప్రశ్నలు. ఆయన జీవితాన్ని ఇప్పటికి యాభైసార్లయినా రాసి ఉంటారు. ఆయనకు చదవడం రాదు.

"ఒకే మనిషి గురించి ఇన్నిసార్లు రాశారంటే, ఎక్కడో ఒకచోట నేను బాగుపడే ఉంటానురా" అనేవాడు నాతో.

ఆయనకు యాభై ఎనిమిదేళ్ళు. పడవ తోసే గడను ఎప్పుడూ ఒకే వైపు వేయడం వల్ల ఎడమ భుజం కుడిదానికన్నా రెండు వేళ్ళు కిందికి దిగి ఉంటుంది. పడవ దిగి ఎక్కడ కూర్చున్నా కునుకు పడుతుంది. నది అంటే ఏమనిపిస్తుందని అడిగినప్పుడు కూడా ఒకసారి అలాగే నిద్రపోయాడు. ఆ అమ్మాయి దాన్ని కూడా రాసుకుంది.

"నిద్రలోనూ గడ వేస్తారు. పక్కలో పడుకునేదాన్ని, నాకు తెలియదా" అంటుంది అత్తయ్య.

మా ఊరికి ఎగువన, పడవలో ముప్పావు గంట పోతే, నది మధ్యలో పెద్ద ఇసుకదిబ్బ ఉంది. ఎండాకాలం నీళ్ళు తీశాక బయటపడుతుంది. దాని మీద ఇసుక పిట్టలు గుడ్లు పెడతాయి. పుస్తకాల్లో వాటికి మరో పేరుంది గానీ ఇక్కడెవరూ ఆ పేరుతో పిలవరు. గూడంటూ ఏమీ ఉండదు. పొట్టతో ఇసుకను కాస్త గుంట చేసి, అందులో రెండో మూడో గుడ్లు పెడుతుంది. గుడ్డు కూడా ఇసుక రంగే. చూసి చూసి అడుగు వేసినా కాలి కిందికే వస్తుంది. తొమ్మిదయ్యేసరికి ఆ ఇసుక పెనంలా కాలుతుంది. తల్లిపిట్ట నీళ్ళలో పొట్ట తడుపుకుని వచ్చి గుడ్ల మీద కూర్చుంటుంది. తడి ఆరగానే లేచిపోయి మళ్ళీ తడుపుకుని వస్తుంది. పొద్దుగూకే దాకా అదే పని.

"అచ్చం మీ అత్తయ్యేరా" అనేవాడు మామయ్య.

"మరి మగపిట్ట ఏం చేస్తుందో అది కూడా చెప్పండి" అనేది అత్తయ్య.

"అది పడవ నడుపుతుంది."

పిల్లల చదువులో ఈ పిట్టల లెక్క ముఖ్యమైన పాఠం. దానికో పద్ధతి ఉంది. దిబ్బకు అడ్డంగా నిలువుగా తాళ్ళు కట్టి గళ్ళు చేస్తారు. గడికో మనిషి నిలబడి వెతుకుతారు. గుడ్డు కనిపిస్తే దాని పొడవు, వెడల్పు కొలిచి, ఫొటో తీసి, పక్కన ఒక పుల్ల గుచ్చుతారు. అందరూ అయ్యాక లెక్క కాగితం కింద అందరూ సంతకాలు పెడతారు. ఇదంతా జరిగినంతసేపూ పిట్టలు పైన ఆకాశంలో అరుస్తూ తిరుగుతాయి. మనుషులుండగా కిందికి దిగవు.

కిందటేటికి ముందేడు అలా నలభై మూడు గూళ్ళు లెక్కపెట్టారు. మధ్యాహ్నం పన్నెండున్నర దాకా పట్టింది. వారం తర్వాత మామయ్య ఒక్కడే వెళ్ళి చూశాడు. పంతొమ్మిది గుంటల్లో గుడ్లు గుడ్లుగానే ఉన్నాయి, పైన పిట్ట లేదు. ఒక గుడ్డు ఇంటికి తెచ్చి నా ముందే గోడకేసి కొట్టాడు. లోపల గట్టిపడి ఉంది.

"ఉడికిందిరా" అన్నాడు. ఆ రోజు అన్నం తినలేదు.

ఈ చదువును నడిపే మేడం గారు మా ఊరి కాలేజీలోనే పాఠాలు చెబుతారు. చెడ్డ మనిషి కాదు. మామయ్య వెళ్ళి చెబితే పని పక్కనపెట్టి విన్నారు.

"కొంత నష్టం ఉంటుంది మామయ్యా. కాదనను. కానీ మనం లెక్కపెట్టకపోతే అవి ఉన్నాయని ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుసు కదమ్మా."

"మీకు తెలిస్తే చాలదు" అన్నారావిడ.

ఆ మాటకు మామయ్యకు కోపం వచ్చింది. ఆయన కోపం పైకి తెలిసే రకం కాదు. ఏడాదంతా ఏమీ అనలేదు.

కిందటేడు పిల్లలు వచ్చారు. మేడం గారు మోకాలి నొప్పితో ఇంట్లోనే ఉండిపోయారు. మామయ్య పడవను ఎగువకు కాకుండా, వంతెన దాటించి దిగువకు తీసుకెళ్ళాడు. అక్కడా ఒక దిబ్బ ఉంది. దాని మీద పిట్ట వాలగా ఎవరూ చూడలేదు. పిల్లలకు అనుమానం రాలేదు, రావడానికి వీలూ లేదు. వరద వచ్చి పోయినప్పుడల్లా దిబ్బలు జరుగుతాయి, వాటి ఆకారం మారుతుంది. ఏ ఏటి పటం ఆ ఏటికే. పడవవాడు ఇదే దిబ్బ అంటే ఇదే దిబ్బ.

ఆ రోజు కొట్టుకు సెలవు కావడంతో నేనూ పడవలో ఉన్నాను. వాళ్ళు తాళ్ళు కట్టారు. గళ్ళు చేశారు. గడికొకరు చొప్పున వంగి, లేని గుడ్లను పద్ధతి ప్రకారం వెతికారు. నాకు నవ్వొచ్చింది. మామయ్య మాత్రం పడవ అంచు మీద తల వంచుకుని కూర్చున్నాడు.

వాళ్ళలో పొడుగాటి అమ్మాయి ఒకతె ఉంది. భాష కష్టపడి నేర్చుకుంది. వచ్చి పక్కన కూర్చుంది.

"మామయ్యా, పక్షులు ఎందుకు రాలేదు?"

"ఏమోనమ్మా. ఎక్కడ బాగుంటే అక్కడికి పోతాయి."

"ఎక్కడ బాగుంటుంది?"

"మనుషులు లేని చోట."

ఆ అమ్మాయి తల ఊపి, దాన్ని రాసుకుంది.

మూడుసార్లు వెళ్ళారు. మూడుసార్లూ సున్నా. ఇరవై ఆరుగురూ సంతకాలు పెట్టారు. పిల్లలు వెళ్ళిన రెండు నెలలకు వాళ్ళ పుస్తకం అచ్చయి వచ్చింది. పనిచేసినవాళ్ళందరికీ ఒక్కో ప్రతి ఇస్తారు. మామయ్యకు నేను చదివి వినిపించాను. నదిలో ఈ భాగాన ఆ పిట్టలు గుడ్లు పెట్టడం మానేశాయని అందులో ఉంది.

"మంచిది. పీడ వదిలింది. ఇక ఎవరూ పోరు" అన్నాడు. చాలా రోజుల తర్వాత ఆయన ముఖం తేటపడింది. ఆ ఏడు ఎగువ దిబ్బ మీద రెక్కలొచ్చిన పిల్లలు గుంపులు గుంపులుగా లేవడం చూశానని అత్తయ్యతో పదే పదే చెప్పుకున్నాడు. ఎవరితోనూ చెప్పకూడని సంగతి గనక ఆమెతో చెప్పాడు.

నేను ఇసుక, గనుల ఆఫీసుకు ఎదురుగా ఉన్న జిరాక్సు కొట్లో పని చేస్తాను. ఊళ్ళో గోడల మీద అతికించే కాగితాలన్నీ ముందు నా చేతిలోంచే పోతాయి. చదవకుండా నకలు తీయడం నాకు అలవాటు లేదు. ఈ ఏడు ఎండలు మొదలై, పిల్లలు రావడానికి పది రోజుల ముందు, ఒక ప్రకటన పన్నెండు నకళ్ళకు వచ్చింది. ఎగువ దిబ్బను ఇసుక తవ్వకానికి ఇవ్వబోతున్నారు. అభ్యంతరాలుంటే ముప్పై రోజుల్లో చెప్పుకోవాలి. పిట్టలు గుడ్లు పెట్టే దిబ్బను వానలు పడే దాకా ముట్టుకోకూడదని ఒక నియమం ఉంది. దానికి జవాబు కూడా అందులోనే రాశారు. వేసవి అధ్యయన నివేదిక ప్రకారం ఈ భాగంలో గూళ్ళు లేవు.

పదమూడో నకలు తీసి జేబులో పెట్టుకున్నాను. మామయ్య రేవులో పడవను బోర్లించి అడుగున తారు పూస్తున్నాడు.

"చదువు" అన్నాడు.

చదివాను.

"ఇంకోసారి చదువు."

చదివాను. ఆయన కుంచెను డబ్బాలో పెట్టేసి, అక్కడే నేల మీద కూర్చున్నాడు.

"సున్నా అంటే వదిలేస్తారనుకున్నానురా."

"వాళ్ళకి సున్నా అంటే ఖాళీ జాగా, మామయ్యా."

అత్తయ్య వినగానే, "గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చారు" అంది. ఆ తర్వాత, "ఇప్పుడు ఎన్ని ఉన్నాయక్కడ?" అని అడిగింది.

"ముప్పై దాకా. ఇంకా పెడుతున్నాయి."

మర్నాడు ఇద్దరం ఆఫీసుకు వెళ్ళాం. గుమస్తా నన్నెరుగును.

"ఏమోయ్ జిరాక్సు, పొద్దున్నే కొట్టు వదిలేసి వచ్చావు?"

"మా మామయ్య మీతో మాట్లాడాలట."

మామయ్య తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. "ఎగువ దిబ్బ మీద పిట్టలున్నాయండి. పోయినేడూ ఉన్నాయి."

గుమస్తా ఆ పుస్తకం తీసి, పేజీ తెరిచి మా వైపు తిప్పాడు. "ఇదిగో. సున్నా. కింద ఇరవై ఆరు సంతకాలు. సున్నాకే ఇరవై ఆరుగురు సాక్షులున్నారు. నీ పిట్టలకి ఎవరున్నారు?"

"ఆ సున్నా నేను చూపించిందేనండి. వాళ్ళని వేరే దిబ్బకి తీసుకెళ్ళాను."

"అంటే అబద్ధం చెప్పావు."

"చెప్పానండి."

"ఇప్పుడు నిజం చెబుతున్నావు."

"అవునండి."

"అబద్ధం చెప్పానని చెప్పేవాడి మాట ఎలా నమ్మమంటావయ్యా?" వెటకారంగా అనలేదు. నిజంగానే అతనికి దారి తోచలేదు. "కాగితానికి కాగితమే జవాబు. అదే పద్ధతిలో ఇంకో లెక్క, అలాంటివే సంతకాలు పట్రా. గడువులోపల."

"మీరొకసారి పడవెక్కితే కళ్ళారా చూడొచ్చండి."

"నేనా? ఈ ఎండలోనా?"

ఆ పిట్టల కోసం పరదేశాల వాళ్ళు సముద్రాలు దాటి వస్తారు. మనవాడు రేవు దాటడు. ఆ మాట పైకే అన్నాను. మామయ్య నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాడు.

ఇక మిగిలింది మేడం గారు. ఆవిడ గది ముందు మామయ్య చాలాసేపు నిలబడ్డాడు. నన్ను వెంటబెట్టుకుని లోపలికి వెళ్ళాక ఏదీ దాచలేదు, కలపలేదు. దిగువ దిబ్బ సంగతి, ప్రకటన సంగతి, గుమస్తా అన్న మాట, అన్నీ వరసగా చెప్పాడు. ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"అది నా పేరు మీద అచ్చయింది మామయ్యా."

"అవునమ్మా."

"పదకొండేళ్ళుగా మీరు చూపించిన చోటే కొలతలు వేశాం. మిగతా పదేళ్ళ సంగతేమిటి?"

"అవన్నీ నిజమేనమ్మా."

"నేనెలా నమ్మను?"

పదేళ్ళు ఆ ఎండలో ఆయన వేసిన గడ ఒక్క మాటతో నీళ్ళలో కలిసిపోయింది. ఆవిడ లేచి కిటికీ దాకా వెళ్ళి వచ్చారు. అరిస్తే బాగుండుననిపించింది. అరవలేదు.

"పిల్లలు పద్నాలుగో తేదీకి దిగుతారు. మొదటి పని ఇదే. ఎగువ దిబ్బ లెక్క."

మామయ్య నెమ్మదిగా బేరం మొదలుపెట్టాడు. "తెల్లారగట్ల పోదామమ్మా. ఎండెక్కకముందే వచ్చేద్దాం. నలుగురైతే చాలు. పడవ దిగకుండానే..."

"పడవలోంచి గుడ్లు కనిపించవు. మీకు కనిపిస్తాయేమో, కెమెరాకు కనిపించవు. గడికో మనిషి ఉండాలి. లేకపోతే ఆఫీసు వాళ్ళు ఆ లెక్కను మన మొహానే కొడతారు."

"కొలతలైనా మానెయ్యండమ్మా. తాకకుండా."

ఆవిడ ఆలోచించారు. "కొలతలు మానేద్దాం. ఫొటో, పుల్ల. అంతే. ఆరింటికల్లా దిబ్బ మీద ఉందాం, ఏడింటికల్లా వచ్చేద్దాం."

ఇంటి దగ్గరికొచ్చాక మామయ్య, "ఎవరూ పోకూడదనుకున్న చోటికి నేనే దగ్గరుండి తీసుకెళ్ళాలి చూడు" అన్నాడు. కొరివితో తల గోక్కున్నవాణ్ణి ఏమని ఓదారుస్తాం?

లెక్క రోజు తెల్లవారుజామున ఐదింటికే పడవ సిద్ధంగా ఉంది. పిల్లలు ఏడున్నరకు వచ్చారు. విమానాల్లో రెండు రోజులు ప్రయాణం చేసి వచ్చినవాళ్ళు, నిద్ర లేవలేదు. వాళ్ళను తిట్టడానికి లేదు. కిందటేడు ఇద్దరు ఎండకు పడిపోయారని ఈసారి తలా ఒక నల్ల గొడుగు ఇచ్చారు. ఇరవై ఎనిమిది గొడుగులు. పొడుగాటి అమ్మాయి ఈ ఏడు కూడా వచ్చింది. మామయ్యను చూసి నవ్వి, అందరికంటే ముందు పడవెక్కింది. మేడం గారు కూడా మోకాలికి పట్టీ కట్టుకుని ఎక్కారు. ఈసారి ఆవిడ ఇంట్లో ఉండదలచుకోలేదు. ఎందుకో మామయ్యకూ తెలుసు.

దిబ్బ చేరేసరికి ఎనిమిదిన్నర. పిట్టలన్నీ ఒక్కసారిగా లేచాయి. అంత అరుపు పిల్లలు విని ఉండరు, కొందరు చెవులు మూసుకున్నారు. గొడుగులు విప్పుకుని ఒక్కొక్కరే ఇసుకలోకి దిగబోయారు.

మామయ్య గడను అడ్డం పెట్టాడు.

"గొడుగులు మీకు కాదు."

ఎవరికీ అర్థం కాలేదు. పొడుగాటి అమ్మాయి వైపు తిరిగి అదే మాట మళ్ళీ అన్నాడు. "మీకు టోపీలున్నాయి కదమ్మా. గుడ్లకి లేవు. కనబడిన గుంట మీదల్లా గొడుగు పట్టమను."

ఆమె వాళ్ళ భాషలో చెప్పింది. పిల్లలు మేడం గారి వైపు చూశారు. ఆవిడ గట్టిగా ఊపిరి వదిలి తల ఊపారు.

గాలికి గొడుగు ఇసుకలో నిలవదు. చేత్తో పట్టుకుని పక్కన గొంతుక్కూర్చోవాలి. పట్టుకునేవాళ్ళు కొందరు, లెక్కపెట్టేవాళ్ళు కొందరు. మనుషులు చాలక నేనూ ఒక గుంట దగ్గర కూర్చున్నాను. రెండు గుడ్లు. గొడుగు నీడ అరచేయంత జరిగితే చాలు, ఎండ వాటి మీదికి వచ్చేసేది, నేనూ జరిగేవాణ్ణి. వీపు కాలిపోయింది. మామయ్య చెంబుతో నదిలోంచి నీళ్ళు తెచ్చి గుంటల చుట్టూ ఇసుకను తడుపుతూ తిరిగాడు. మరీ దగ్గరగా పోయకూడదట. కొందరు పిల్లలు విసుక్కుని గొడుగులు మళ్ళీ తమ తలల మీదికే తెచ్చుకున్నారు. పది నిమిషాలు ఆ ఇసుకలో కూర్చుంటే ఎవరైనా అదే చేస్తారు.

నా పక్క గుంట దగ్గర పొడుగాటి అమ్మాయి కూర్చుంది. మామయ్య నీళ్ళతో వచ్చినప్పుడు తల ఎత్తకుండా అడిగింది.

"మామయ్యా, పోయిన సంవత్సరం పక్షులు ఎక్కడ ఉన్నాయి?"

"ఇక్కడే ఉన్నాయమ్మా."

"మేము ఎక్కడ ఉన్నాం?"

"నేను తీసుకెళ్ళిన చోట."

ఆమె గొడుగు నీడను గుడ్ల మీదికి సర్దింది. "నేను సంతకం పెట్టాను" అంది.

"తెలుసమ్మా."

ఎడమ చెయ్యి నొప్పి పుట్టిందేమో, గొడుగును కుడి చేతికి మార్చుకుంది. మామయ్య చెంబులో మిగిలిన నీళ్ళు ఆమె పాదాల మీద పోసి వెళ్ళిపోయాడు.

ముప్పై నాలుగు గూళ్ళు. లెక్క అయ్యేసరికి పది దాటింది. సంతకాలు పడవలోనే పెట్టారు, చెమటకు రెండు కాగితాలు చిరిగాయి. నకళ్ళు నేనే తీశాను, నేనే ఆఫీసులో ఇచ్చాను. గుమస్తా వేలు పెట్టి సంతకాలు లెక్కపెట్టి, "ఇరవై ఎనిమిది. ఇది గట్టి కాగితం" అన్నాడు. గూళ్ళు ఎన్నని అడగలేదు.

వారం తర్వాత మామయ్యతో పాటు నేనూ వెళ్ళాను. పడవ దూరంగా ఆపి చూశాం. నాకు ఇసుక తప్ప ఏమీ కనిపించలేదు. ఆయన కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఇరవై ఆరు కూర్చున్నాయి. ఎనిమిది లేవు."

"పంతొమ్మిదికి ఎనిమిది నయం కదా, మామయ్యా."

"పోయినేడు ఒకటీ పోలేదురా."

ఆఫీసు ఉత్తర్వు గడువు ఆఖరి రోజున వచ్చింది. ఇంటి ముందు బల్ల మీద కూర్చుని చదివాను. అత్తయ్య బియ్యం ఏరుతూ విన్నది. తవ్వకం ఆపేశారు. అయితే ఈ ఒక్క ఎండాకాలానికే. ఇకమీదట ఏటా అధ్యయన బృందం పద్ధతి ప్రకారం గూళ్ళను లెక్కించి, సంతకాలతో నివేదిక ఇస్తేనే ఆ ఏటికి తవ్వకం ఆగుతుంది. నివేదిక లేని ఏడు దిబ్బను ఖాళీగా ఎంచుతారు.

"ఏటానా?" అన్నాడు మామయ్య.

"ఏటా."

"ఒక ఏడు మేం పోకపోతే?"

"లారీలు పోతాయి."

"నేను లేని ఏడు?"

"అది రాయలేదు."

అత్తయ్య చేట పక్కన పెట్టింది. "ఇది బతికినన్నాళ్ళ చాకిరీ. ఈయనకి అంత ఓపికుందా లేదా అని ఎవరైనా అడిగారా?"

"అడిగితే ఉందనే చెబుతాను" అన్నాడాయన. "లేదంటే సున్నా వేసుకుంటారు."

మేడం గారు ఆయన్ను పనిలోంచి తీసేయలేదు. తీసేస్తే ఎగువ దిబ్బ ఏదో చూపించే దిక్కు ఆవిడకూ లేదు. పిల్లలప్పటికి కోట దగ్గరున్నారు. మర్నాడు మామయ్య మామూలుగా నీళ్ళ డబ్బాలు మోయడానికి వెళ్ళాడు. ఆవిడ ఆయనతో మీరనే మాట్లాడుతున్నారు, మామయ్యా అనడం మాత్రం మానేశారు.

ఆ వారంలోనే ఒక సాయంత్రం కొట్టుకు వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. నేను ఎవరివో పెళ్ళి పత్రికలు నకలు తీస్తున్నాను.

"కొట్టు ఎన్నింటికి తీస్తావు?"

"తొమ్మిదింటికి."

"రేపట్నుంచి ఐదింటికి రేవుకి రా. గడ పట్టడం నేర్చుకుందువుగాని."

"నాకెందుకు మామయ్యా? నేను ఈ ఊళ్ళో ఉంటానని ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదు. ఉన్నన్నాళ్ళు నేర్చుకో."

వెళ్ళకూడదనే అనుకున్నాను. ఐదింటికి మెలకువ వచ్చింది, వెళ్ళాను. గడ నేననుకున్నదానికంటే బరువుంది. మూడోసారి వేసేటప్పుడు అడుగున బురదలో దిగబడిపోయింది. నేను వదల్లేదు. పడవ ముందుకు పోయింది, గడతో పాటు నేను నీళ్ళలో మిగిలాను. మామయ్య పడవలోంచి చూస్తూ కూర్చున్నాడు. చెయ్యి అందించలేదు.

"పట్టు వదలాలని ముందే చెప్పొచ్చు కదా" అన్నాను నీళ్ళు ఉమ్ముతూ.

"ఎప్పుడు వదలాలో నాకే తెలియలేదు. నీకేం చెప్పను? దాన్ని పీకి పట్రా."